విలాసినికి నచ్చని నవల

రేవులో పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, విలాసిని బురద గట్టు మీద నడుస్తోంది. కుడి భుజాన పుస్తకాల సంచి. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని మోసీ మోసీ ఆ భుజం రెండోదానికంటే కిందికి జారిపోయింది. కేరళలో వైక్కం దగ్గరి ఆ కాలువల ఊళ్ళో ఇంటింటికీ తిరిగి గ్రంథాలయం పుస్తకాలు ఇవ్వడం, చదివినవి వెనక్కి తీసుకోవడం ఆమె పని.

ఈ వానాకాలం అందరూ అడిగేది ఒకటే నవల. కొడుకును పోగొట్టుకున్న తల్లి కథ. నాలుగు ప్రతులు తెప్పించినా చాలడం లేదు.

సుధర్మ టీచర్ తన ప్రతి తిరిగిస్తూ కళ్ళొత్తుకుంది.

"మూడు రోజులు అన్నం సయించలేదు విలాసినీ. నువ్వు చదివావా?"

"చదివాను టీచర్."

"ఏడ్చావా?"

"లేదు. నాకు నచ్చలేదు."

"కొందరి గుండె అంతే, రాయి" అన్న టీచర్ అంతలోనే నాలిక్కరుచుకుంది. లోపలికి వెళ్ళి రెండు అరటిపళ్ళు తెచ్చి, ఆమె ముఖంకేసి చూడకుండా సంచిలో వేసింది.

విలాసిని కొడుకు బినీష్ ఏడేళ్ళవాడు. బడినుంచి వస్తూ కాలువలో జారి మునిగిపోయాడు. ఆ మరుసటి ఏడే ఆమె ఈ పనిలో చేరింది.

మధ్యాహ్నానికి కుంజన్నమ్మ ఇంటికి చేరింది. ఎనభై దాటిన ముసలామె, ఊరందరికీ అమ్మచ్చి. బతుకంతా కొబ్బరి పీచు పేని, అరచేతులు గీతలు చెరిగి నున్నబడ్డాయి. చూపు పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి గురువారం గురువారం విలాసినే కూర్చుని చదివి వినిపిస్తోంది. కోడలు లిస్సీ పెరట్లో బట్టలు ఉతుకుతోంది.

విలాసిని అదే నవల తెరిచింది. తల్లి కొడుకు చొక్కా గుండెకు హత్తుకుని, పచ్చి నీళ్ళయినా ముట్టకుండా వారంరోజులు కూర్చునే ఘట్టం. నాలుగు వాక్యాలు చదివి ఆగిపోయింది.

"ఏమే పిల్లా, గొంతు పట్టేసిందా?"

"ఈ పుస్తకం నాకు పడదు అమ్మచ్చీ."

"ఎందుకని?"

ఇంతవరకూ ఎవరూ ఎందుకని అడగలేదు. విలాసిని పుస్తకం ఒళ్ళో బోర్లించింది.

"మా బినీష్‌ను కాల్చి వచ్చిన రోజు నాకు ఆకలేసింది. పొరుగావిడ కర్రపెండలం, చేపల పులుసు తెచ్చి వంటింట్లో పెట్టింది. తలుపు చాటున కూర్చుని తిన్నాను. మళ్ళీ పెట్టుకుని తిన్నాను. వేళ్ళు నాకుతుంటే మా ఆయన చూశాడు. ఆ తరవాత తను పోయేదాకా నా ఎదురుగా కూర్చుని మెతుకు ముట్టలేదు."

కుంజన్నమ్మ పక్కనున్న చిన్న ఇత్తడి రోట్లో తమలపాకు, వక్క వేసుకుంది.

"పులుసు బాగుందా?"

పెరట్లో బట్ట బండమీద పడుతున్న చప్పుడు.

"బాగుంది అమ్మచ్చీ" అంది చివరికి. "చాలా బాగుంది." అన్నాక పైట కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది. ఇరవయ్యేళ్ళుగా లోపలే నిలిచినది ఒక్కసారిగా తెగింది.

ముసలామె ఓదార్చలేదు. చెయ్యి చాపి, తడుముకుని, విలాసిని మోకాలు దొరకగానే దానిమీద అరచెయ్యి ఉంచింది. ఆ ఏడుపు చల్లబడేదాకా అలాగే కూర్చుంది. తరవాత, "చదువు. ఆ మహాతల్లి ఎప్పటికి లేచి అన్నం తింటుందో చూద్దాం" అంది.

విలాసిని కళ్ళు తుడుచుకుని చదవసాగింది. రోట్లో టుక్కు టుక్కుమని చప్పుడు. అది మధ్యలో ఎక్కడో ఆగింది. శ్రద్ధగా వింటోంది కాబోలనుకుని విలాసిని అధ్యాయం చివరిదాకా చదివింది. నవల్లో తల్లి ఇంకా తినలేదు.

"తినలేదు అమ్మచ్చీ" అంది తలెత్తి.

కుంజన్నమ్మ గోడకు ఆనుకుని ఉంది. తల ఒక పక్కకు వాలింది.

విలాసిని లిస్సీని పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. ఇద్దరూ కలిసి ఆమెను చాపమీద పడుకోబెట్టారు. లిస్సీ పాస్టరుకు కబురు చేయడానికి పరుగెత్తింది.

ఇంట్లో ఇక విలాసిని ఒక్కతే. గోడ పక్కన ఇత్తడి రోట్లో ఆకు సగమే నలిగింది. మిగతా సగం, అప్పుడే తుంచినట్టు పచ్చగా ఉంది.