విజయరాణి పేరుమీద

గ్యాసు బుక్ చేసిన ప్రతిసారీ లిదియా ఫోనుకు చనిపోయినామె పేరుతోనే మెసేజ్ వస్తుంది. ఆ సోమవారం పొద్దున కూడా అంతే. పొయ్యిమీద అన్నం ఉడుకుతుండగా ఫోను మోగింది. విజయరాణి గారూ, మీ సిలిండర్ బుక్ అయింది అని. పేరు మార్పిస్తానని మొగుడు క్రాంతి కుమార్ పెళ్లైన కొత్తలో అన్నాడు. పెళ్లై తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో బైకు మార్చాడు, ఫోన్లు నాలుగు మార్చాడు, మొదటి పెళ్లాం పేరు మార్చడానికి మాత్రం తీరిక దొరకలేదు పాపం. గిన్నెలమీదా ఆమె పేరే. పెళ్లినాడు పుట్టింటివాళ్లు పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు గిన్నెలవి. రోజూ తోమేది లిదియా, తోమిన కొద్దీ తళతళలాడేది విజయరాణి.

చనిపోయినామెతో పోటీ ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. ఆమె ఇక కూర మాడబెట్టదు, గట్టిగా మాట్లాడదు, అలిసిపోయానని అనదు. "విజయ ఉన్నప్పుడు ఈపాటికి టిఫిన్ డబ్బలు కట్టి, వాకిలి ఊడ్సి, తలకు నూనె గూడ రాసుకునేది" అంటుంది అత్త కరుణమ్మ, కుర్చీలో కూర్చుని. "ఆమె ఎన్నడు ఎదురు మాట్లాడలే" అంటాడు క్రాంతి, ఏమీ అనకుండా నిలబడ్డ లిదియాను చూసి. మరి ఆమెకేమైంది అని కొత్తలో ఒకసారి అడిగితే అత్త కళ్లొత్తుకుంది. "జ్వరమొచ్చింది బిడ్డ. మూడ్రోజులల్ల పోయింది. దేవుని చిత్తం" అంది. దేవుని పేరెత్తాక ఇంకేం అడుగుతాం? లిదియా మళ్లీ అడగలేదు.

ఆ ఇంట్లో విజయరాణిని పొగడకుండా తలుచుకునేది ఆమె కూతురు ప్రగతి ఒక్కతే. తల్లి పోయేనాటికి దానికి ఐదేళ్లు, ఇప్పుడు పదో తరగతి. ఆ పొద్దున జడ వేయించుకుంటూ, "చిన్నమ్మా, మా అమ్మ ఎట్ల మాట్లాడేదో నాకు యాదికొస్తనేలేదు. ఫోటోలు చూస్తే మొఖం కనవడ్తది గాని మాట ఇనవడదు" అంది. లిదియా ఏమని చెబుతుంది, తానూ ఆమె మాట వినలేదాయె. రిబ్బను ముడేసి, చేవెళ్ల బస్టాండుకు పరుగెత్తింది.

మొయినాబాద్‌లో దిగి, చిల్కూరు ఆటో ఎక్కితే సగం దారిలో ఆమె పనిచేసే రిసార్టు. ఆ యజమానులకు ఈ చుట్టుపక్కల రిసార్టులూ ఫంక్షన్ హాళ్లూ కలిపి ఏడున్నాయి. మేనేజరు ఆనంద్ బాబు వీళ్ల చర్చి సంఘంలో పెద్ద, ఇంటికొచ్చి ప్రార్థన చేసి చాయ్ తాగి పోయే మనిషి. విజయరాణి కూడా పనిచేసింది ఇక్కడే, ఈ ఫ్రంట్ ఆఫీసులోనే. లిదియా ఆ ఇంటికి కోడలుగా వచ్చిన రెండో నెలలోనే ఆయన ఆ కుర్చీ కూడా చూపించాడు. బుకింగులు, గదులు, వంటగది ఆర్డర్లు, స్టోరు సరుకు అన్నీ ఒకే పాత కంప్యూటర్లో. కొత్త పేరు పెట్టాలంటే సాఫ్ట్‌వేరువాళ్లను పట్నం నుంచి పిలిపించాలట. "ఎందుకమ్మ తక్లీఫ్? ఆమె పేరున్నది, పాస్‌వర్డున్నది. ఇల్లు అదే, కుర్చీ అదే. ఏం ఫరక్ వడ్తది?" అన్నాడు. పాస్‌వర్డేమిటని అడిగితే చిన్న చీటీ ఇచ్చాడు. దానిమీద ప్రగతి అని, పక్కన ఆ పిల్ల పుట్టిన సంవత్సరం. ఆనాటి నుంచీ, జీతం కాగితంలో తప్ప, రిసార్టులో లిదియా అన్న మనిషి లేదు. రోజూ పొద్దున కూర్చోగానే చనిపోయినామె పేరు కొట్టి, ఆమె బిడ్డ పేరు కొడితేగాని పని మొదలయ్యేది కాదు. మొదట్లో ఎవరి కుర్చీలోనో దొంగతనంగా కూర్చున్నట్టుండేది. తర్వాత అలవాటైంది. అలవాటు కానిదంటూ ఏముంటుంది ఆడదానికి?

ఇప్పుడు ఆ కంప్యూటరుకే కాలం చెల్లింది. ఏడు చోట్లా ఉన్న పాత మిషన్లన్నీ తీసేసి, అన్నింటినీ హెడ్డాఫీసులో ఒకే పెద్ద మిషన్లో పెడుతున్నారు. వారం నుంచీ అక్కడి అమ్మాయి అరుణశ్రీ చేతిలో ల్యాప్‌టాప్‌తో తిరుగుతూ ఒక్కొక్కటీ ఎత్తిపెడుతోంది. "ఈ పెట్టె పాత సామాన్ల పోతదక్కా, లోపలిది పోదు. మొత్తం ఎట్లున్నది అట్లనే తీసుకపోయి పెద్ద మిషన్ల నడిపిస్తం. అది ఇంకా మొయినాబాద్‌లనే ఉన్ననని అనుకుంటది. శరీరం లేదని దానికి తెల్వనే తెల్వదు" అని నవ్వింది. లిదియాకు నవ్వు రాలేదు. తన వంటింట్లో అలాంటిది ఒకటి తొమ్మిదేళ్లుగా నడుస్తోందని ఈ పిల్లకెలా చెబుతుంది?

పదకొండింటికి ఆనంద్ బాబు తన గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేయమన్నాడు. ఇకనుంచి బుకింగులన్నీ హెడ్డాఫీసులోనే తీసుకుంటారట. ఏడు చోట్ల నుంచీ కలిపి ఎనిమిది మందినే ఉంచుకుంటారట. ఎవరెంత పని చేశారో మిషన్లే చెప్పాయి, ఆ లెక్క ప్రకారమే లిస్టు. లిదియా కాగితం అందుకుని చూసింది. ఏడు చోట్లకూ కలిపి మొదటి పేరు విజయరాణిది. తన పేరు చిట్టచివర ఉంది, ఎదురుగా సున్నా. తొమ్మిదేళ్లు పండగల్లేకుండా, ఆదివారం ఆరాధన కూడా ఎగ్గొట్టి, జ్వరమొస్తే గోలీ వేసుకుని చేసిన చాకిరీ మొత్తం సున్నా.

"విజయరాణి ఎవరని మీదికెళ్లి అడుగుతున్నరమ్మ" అన్నాడు ఆనంద్ బాబు గొంతు తగ్గించి. "సచ్చిపోయిన మనిషి పేరుమీద పని చేయించినమంటే నా నౌకరి ఉంటదా? ఇగో, ఈ కాగితంల విజయరాణి అని ఒక్క సంతకం పెట్టు. ఆమె టెంపరరీగ చేసేది, రాజీనామా చేసి పోయిందని నేను రాస్త. కిస్సా ఖతం."

"మరి నేను సార్?"

"నీకేమమ్మ, క్రాంతి సంపాదిస్తుండు. పిల్లది పదో తరగతి గద, ఇంట్ల ఉండి చూస్కో."

"నేను చేసిన పని?"

"చేసినవ్. ఎవరు కాదన్నరు? దేవునికి తెలుసు."

ఏమిటో, లిదియా చేసింది దేవుడికి తప్ప ఎవరికీ తెలియకూడదని ఈ ఊళ్లో మగవాళ్లందరూ మాట్లాడుకున్నట్టే ఉంటుంది. ఆమె కాగితం మడిచి పట్టుకుని బయటికొచ్చింది. చచ్చిపోయినామె చేత రాజీనామా. అదీ లిదియా చేతిరాతతో. ఒక్క సంతకంతో ఇద్దరూ పోతారు.

అరుణశ్రీ ఆ పాత మిషన్ ముందే కూర్చుని ఉంది. "అక్కా, పాత తేదీలు ఒకటి రెండు తెరిచి చూడు. సరిగ కనవడితే కాపీ మొదలువెడ్త. మీ సార్ మూడేండ్లదే చాలు, రిమార్కులు అసలే వద్దని రాసిచ్చిండు, గాని మొత్తం తీసుకపోవాల్నా వద్దా అన్నదానికి రోజూ వాడెటోళ్ల సంతకం గూడ కావాలె" అని చెప్పి చాయ్ కోసం లేచింది.

రిమార్కులంటే ఓ చిన్న గడి. పొద్దున కూర్చోగానే ముందురోజు లెక్క మూసేటప్పుడు అందులో ఏదో ఒకటి రాస్తేగాని ఆ మిషన్ ముందుకు కదలదు. అందరూ ఒక చుక్క కొట్టి వదిలేస్తారు. లిదియా మాత్రం అప్పుడప్పుడూ మనసులో మాట కొట్టేది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఎవరూ చదవరని తెలుసు, అందుకే కొట్టేది. ఇన్నేళ్లలో తను చేరిన రోజుకు వెనక్కి మాత్రం ఎన్నడూ పోలేదు. భయమే, ఇంకేముంది. ఇవాళ ఎలాగూ అంతా పోతోంది కదా అని విజయరాణి పోయిన నెల, 2015 ఆగస్టు తెరిచింది.

"104ల దుప్పటి మార్చలే. జంగమ్మ రాలే, నేనే మార్చిన."

"పొద్దుగాల నుంచి కడుపుల నొప్పి."

"నొప్పి తగ్గలే. సార్‌ను సెలవడిగిన. శుక్రవారం పెండ్లి పార్టీ అయినంక చూద్దామన్నడు."

"ఇంట్ల చెప్పిన. అత్తమ్మ వాము నమలుమన్నది. ఆయన ఆదివారం దవాఖానకు పోదామన్నడు."

"నిలబడొస్తలేదు. మళ్ల సెలవడిగిన. అందరికుంటయి నొప్పులు అన్నడు."

"సోమవారం బడిల ప్రగతికి ఫోటో దింపుతరట. తెల్ల రిబ్బను కొనాలె."

అంతే. ఆ తర్వాత ఆరునెలలు ఒట్టి చుక్కలు, ఎవరెవరో వచ్చి కూర్చుని పోయినట్టు. చుక్కల తర్వాత మళ్లీ మాటలు. "కాళ్లు గుంజుతున్నయి. కూసోనిస్తలేరు." "ఇంట్ల చెప్తే ఎవరు ఇంటలేరు." "సెలవడిగిన. ఇయ్యలే." లిదియా చదువుతూ చదువుతూ, అయ్యో ఈ పిల్ల, అనుకుంది. అనుకున్నాక తేదీ చూసింది. అది తను రాసినదే. పేరు ఒకటే, గడి ఒకటే, మాటలూ అవే. ఏది ఆమెదో ఏది తనదో తేదీ చూస్తేగాని తెలియలేదు. ఎవరో తన వెనకే నిలబడి చదువుతున్నట్టనిపించి తిరిగి చూసింది. ఎవరూ లేరు. గాజు తలుపు అవతల తోటమాలి పైపుతో నీళ్లు కొడుతున్నాడు.

జ్వరం కాదు. మూడ్రోజులూ కాదు. ఆమె చెప్పింది, ఇంట్లో చెప్పింది, ఇక్కడ చెప్పింది. వినేవాళ్లు లేక చివరికి మిషన్‌కు చెప్పుకుంది. ఇన్నాళ్లూ ఆ విజయరాణి మీద ఎంత కోపం పెంచుకుంది తను! నోరెత్తని బంగారుతల్లి అని, తనను కాల్చుకు తినడానికే అంత మంచిగా బతికిపోయిందని. ఏడుపొచ్చింది లిదియాకు, ఆమె కోసం, సిగ్గుతో.

ఫోను మోగింది. క్రాంతి. ఆనంద్ బాబు అప్పుడే చెప్పేసినట్టున్నాడు.

"ఆనంద్ అన్న చెప్పినట్టు సంతకం పెట్టి రారాదు? ఆయనతోని ఎందుకు పెట్టుకుంటవ్? ఆదివారం చర్చిల మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"విజయక్కకు ఏమైంది?" అంది లిదియా.

"గిప్పుడు గా ముచ్చటెందుకు? జ్వరమని చెప్పిన గద."

"కడుపునొప్పి అని చెప్పిందట గద నీకు. ఆదివారం దవాఖానకు పోదామన్నవట."

అవతల క్రాంతి తలుపు మూసిన చప్పుడైంది. "ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నాడు. ఆ గొంతు ఆమె తొమ్మిదేళ్లలో వినలేదు.

"ఆమెనే" అని ఫోను పెట్టేసింది.

అరుణశ్రీ రెండు చాయ్‌లతో వచ్చేసరికి లిదియా రాజీనామా కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. హెడ్డాఫీసు కాగితం ముందుకు లాక్కుని, వాడేవాళ్ల సంతకం అన్నచోట నింపాదిగా రాసింది. విజయరాణి 2015 ఆగస్టులో చనిపోయింది. అప్పటిదాకా ఈ పేరుమీద ఉన్నది ఆమె పని. 2016లో నేను చేరినప్పటి నుంచి ఉన్నదంతా నా పని. రిమార్కులతో సహా ఏదీ తీసేయొద్దు. కింద తన పేరు, లిదియా అని, పూర్తిగా. తొమ్మిదేళ్లలో ఆ బల్లమీద తన పేరు రాయడం అదే మొదటిసారి, అందుకే అక్షరాలు కాస్త పెద్దగా పడ్డాయి.

అరుణశ్రీ చదివింది. తెరమీద ఉన్నదీ చదివింది. చాయ్ చల్లారిపోయింది. "గిది మీదికి పంపిస్త అక్కా. నీ నౌకరి ఉంటదో పోతదో మాత్రం నాకు తెల్వదు."

"పోతే పోనీ. సున్నా అని మాత్రం పోవొద్దు. ఇంకొకటి, ఆమె రాసినయి జర ప్రింటు తియ్యి. ఇంట్ల పిల్లున్నది, వాళ్లమ్మ మాట యాదికొస్తలేదంటది."

గాజు తలుపు అవతల నుంచి ఆనంద్ బాబు చూస్తున్నాడు. లోపలికి రాలేదు. ప్రింటరు కాగితాలు బయటికి నెట్టింది. లిదియా వాటిని మడతపడకుండా సంచిలో పెట్టుకుంది. అరుణశ్రీ మిషన్‌కు తీగ తగిలించి, ఆగింది.

"మరి విజయరాణి పేరునేం చెయ్యాలక్కా? నీకు నీ పేరు పెడ్త సరే. ఆమెది తీసేద్దామా?"

"తీసెయ్యకు" అంది లిదియా. "సెలవు మీద ఉన్నదని పెట్టు."

"సెలవా?"

"అడిగి పదేండ్లాయె బిడ్డ. ఎవరూ ఇయ్యలే."