పెదవుల మధ్య మారేడాకు

తాండూరు నాపబండల గనిలో సుత్తె పట్టే శంకరప్పకు ముక్కు దిబ్బడ వేసి నెల దాటింది. చూసినవాళ్లంతా పడిశం అన్నారు. అతనికి మాత్రం అది చావే. అన్న కిష్టప్పకూ మొదట ఇట్లాగే ఊపిరి ఆడలేదు. తర్వాత దగ్గు పట్టుకుంది. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు వికారాబాద్ దవాఖానాకని రైలెక్కించారు. మళ్లీ తాండూరులో దిగలేదు.

మొగుడి బెదురు చూడలేక హన్మమ్మ అతణ్ణి మఠానికి తోలింది. అక్కడ శివయ్యస్వామి సోమవారం పొద్దున్నే జనాన్ని ధ్యానంలో కూచోబెడతాడు. కూచున్నవాళ్ల పెదవుల మధ్య మారేడాకు పెట్టడం ఆ మఠం ఆచారం. గంట మోగేదాకా ఆకు జారకూడదు.

ఆ సోమవారం శంకరప్ప పక్కనే అక్క మొగుడు మొగులప్ప కూచున్నాడు.

"బావా, ఆకు జారితే ఏమైతది?"

మొగులప్ప మొహం బిగించాడు. "నీకెవలు చెప్పలేదా బామ్మర్ది? ఆకెన్క పానం గూడ జారుతది. పోయినేడు యాలాల్ ఊరాయన గిట్లనే పాయె. జర పైలం."

ఆయన మాటలకు తాండూరంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. శంకరప్ప మాత్రం నమ్మేశాడు.

ఆకు పెట్టారు. కళ్లు మూసుకున్నాడు. కుడిముక్కు ముందే బంద్. ఎడమదాంట్లో సూదిబెజ్జమంత దారి ఉండింది, కాసేపటికి అదీ పూడుకుపోయింది. ఆకు వగరు నాలుకకు తగులుతోంది. గుండె బండ మీద సుత్తెలా కొట్టుకుంటోంది. నోరు తెరిస్తే పోతాడు, తెరవకున్నా పోతాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. హన్మమ్మకు ఆఖరి మాటైనా చెప్పి రాలేదే అనుకున్నాడు.

ఆకు జారి ఒళ్లో పడింది.

"సామీ! నేను పోయిన!"

స్వామి లేచి వచ్చి అతని రొమ్ము మీద చెయ్యి వేశాడు. "పోయినోడు గింతగనం మొత్తుకుంటడా?"

"ఆకు జారితే పానం పోతదంట గద సామీ!"

"ఎవలన్నరు?"

మొగులప్ప ఎన్నడూ లేనంత భక్తిగా కళ్లు మూసుకుని ఉన్నాడు. స్వామి అటు చూసి నిట్టూర్చాడు. "ఆకు పెట్టుడే గిసొంటోళ్ల నోరు బంద్ చేసెతందుకు. నీకేం జరూరత్ లేదు. ముక్కు ఆడకుంటే నోటితోని పీల్చు. పెదవులు జర ఇడువు. గుంజకు, దానంతట అదే వస్తది. ఇడిసేటప్పుడు మెల్లగ ఇడువు. శివుడు ఏ తొవ్వల వచ్చినా శివుడే."

శంకరప్ప పెదవులు కొంచెం విడిచాడు. చల్లగాలి పళ్ల మీదుగా లోపలికి దిగింది.

"బామ్మర్ది, నవ్వులాటకు అంటి రా..." మొగులప్ప గొణిగాడు.

"సప్పుడు చెయ్యకు బావా. నన్ను దమ్ము తీస్కోనియ్యి."

ఈ దిబ్బడ రేపు దగ్గుగా తిరుగుతుందా అని అతను స్వామిని అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. లోపలికి పోయిన గాలి నెమ్మదిగా బయటికొచ్చింది. మళ్లీ వస్తుందో రాదోనని ఒళ్లంతా బిగిసింది.

వచ్చింది.