చేతికి తగలని బొడిపె

ఆవిడకి 'ఎందుకు' అన్నది ఊతపదం. కార్ల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి తలుపులకి బోల్టులు బిగించి విసుగెత్తిపోయి, నలభై దాటాక అచ్చుల షాపులో అప్రెంటిస్‌గా చేరింది. అచ్చులో రేకు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే కారు తలుపు తయారవుతుంది. ఆ అచ్చులు బాగుచేసే పని నేర్చుకోవాలి. నేర్పేవాడెవరో తెలుసా? సొంత మరిది! ఇంట్లో "వదినా, ఇంకాస్త కూర" అనేవాడు ఇక్కడ చేతులు కట్టుకుని, "షాపులో వదినా లేదు, మరిదీ లేదు. సార్ అను" అన్నాడు.

"అలాగే సార్‌గారూ" అంది ఆవిడ మూతి తిప్పుతూ.

అచ్చులో రవ్వంత చెత్త పడినా రేకు మీద బొడిపె లేస్తుంది. మామూలుగా కంటికి ఆనదు, రంగేశాక మాత్రం వెక్కిరిస్తుంది. అందుకే పల్చటి నూలు గ్లవ్ తొడుక్కుని రేకంతా నిమరాలి.

"గ్లవ్ ఎందుకు? ఉత్త చేతికే బాగా తెలుస్తుందిగా?"

"ఏమో! మా మేస్త్రీ అలాగే నేర్పాడు."

ఇదేం సమాధానం? మొదటి పరీక్షలో మరిది అటు తిరగ్గానే గ్లవ్ పీకేసి, లేనిచోట బొడిపె ఉందని సుద్దతో సున్నా చుట్టింది. తప్పింది. "ఇంకొక్కసారే. ఈసారీ తప్పితే మళ్లీ బోల్టులే" అన్నారు పరీక్ష పెట్టిన షాపు పెద్ద మేస్త్రీ. ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

ఇక ఇంట్లో అదే ధ్యాస. ఫ్రిజ్ తలుపూ, బీరువా, చివరికి మొగుడి బట్టతలా, ఒకసారి ఉత్త చేత్తో, ఒకసారి గ్లవ్‌తో నిమిరింది.

"నన్నూ రేకుని చేశావా తల్లీ!" అని ఆయన లబోదిబోమన్నాడు.

అప్పుడు తెలిసింది. చెమట చెయ్యి ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటుంది. అతుక్కున్నచోటల్లా బొడిపే అనిపిస్తుంది. నూలు జారిపోతుంది, నిజంగా ఉన్నచోటే ఆగుతుంది. "ఓసినీ, ఇంతేనా!" అనుకుంది.

రెండో పరీక్షకి పెద్ద మేస్త్రీ ఒక రేకు ముందు పెట్టి, "బొడిపె ఎక్కడుందో చూపించు" అన్నారు. ఆవిడ పైనుంచి కిందకీ, అడ్డంగానూ, మూలల్లోనూ నిమిరింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఏదో ఒకచోట సున్నా చుట్టేస్తే పోలా? మరిది వైపు చూస్తే, మహానుభావుడు కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. గ్లవ్ సగం లాగింది. అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. మళ్లీ తొడుక్కుని ఇంకోసారి నిమిరింది.

"ఏమీ లేదండీ."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. ఉంటే చెయ్యి ఆగేది."

ఆయన సుద్దముక్క అందించి, "అయితే టిక్కు పెట్టు. రేపట్నుంచి నీ చోటు ఇక్కడే" అన్నారు.

ఇంటికెళ్లేసరికి మొగుడు గుమ్మంలోనే ఉన్నాడు. "దొరికిందా?"

"ఏమీ దొరకలేదు!"

ఆయన మొహం పాలిపోయింది. "పోనీలే, బోల్టులకి మాత్రం ఏం తక్కువ..." అని ఓదార్పు మొదలెట్టాడు. వెనకే వచ్చిన మరిది పకపకా నవ్వి, "నెగ్గిందిరా అన్నయ్యా!" అని అరిచాడు. తర్వాత మెల్లిగా ఆవిడ పక్కకి చేరాడు.

"వదినా, గ్లవ్ ఎందుకో నీకు తెలిసిపోయిందా? కాస్త చెప్పవూ?"

"ముందు మేడమ్ అను" అంది ఆవిడ.