కుర్చీ తిరగని గది

చిట్టికి ఆ ఓడ మీద కోపమేమీ లేదు. పై అంతస్తులో ఈత కొలను, మధ్యలో గాజు లిఫ్టు, సినిమా హాలు, నడిసముద్రంలో పచ్చిక మీద చెప్పుల్లేకుండా నడవడానికి ఒక తోట... అన్నీ డ్రాయింగుల్లో చూసి మురిసినవే. కోపమంతా గీయడానికి తన వంతుకు వచ్చిన గది మీద. చక్రాల కుర్చీలో వచ్చే ప్రయాణికుల కోసం ఉద్దేశించిన గది అది.

ఆమె పనిచేసే డిజైన్ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఓడలో గదులు కట్టే ముందు, వెనక షెడ్డులో ప్లైవుడ్డుతో అవే కొలతల్లో ఒక నమూనా గది కడతారు. మంచం, అల్మరా, బాత్రూము సామాను అన్నీ నిజమైనవే పెడతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గుంపుగా నిలబడాలి కనుక ఒక పక్క గోడ మాత్రం కట్టరు. ఆ లేని గోడే చిట్టి ప్రాణం తీసింది. ఓడ యజమాని తరఫున ఒక పెద్దమనిషి వస్తుంటాడు. కనిపించిన ప్రతి పరుపు మీదా కూర్చుని ఊగి చూస్తాడని ఆఫీసంతా ఆయన్ని చాటుగా ‘పరుపుగారు’ అంటారు. ఆయన వచ్చిన ప్రతిసారీ, “ఇంత చోటుందిగా, మంచం ఇంకాస్త పెంచండి” అనేవాడు. మేనేజరు తలూపేవాడు. మంచం పెరిగేది.

“సార్, ఆ చోటు గదిది కాదు, షెడ్డుది. గోడ వస్తే కుర్చీ తిరగదు” అని చిట్టి నెత్తీ నోరూ బాదుకుంది.

“డ్రాయింగులో తిరుగుతోందిగా?” అన్నాడు మేనేజరు.

“అది పాత మంచంతో సార్.”

“ఆయనకు నచ్చిందమ్మా. రేపు వచ్చి సరేనంటే పని మొదలు. అనవసరంగా కెలక్కు.”

సరేనంటే ఆ రకం గదులన్నీ అలాగే కట్టేస్తారు. చిట్టికి అక్క గుర్తొచ్చింది. అక్క చిన్నప్పటినుంచీ చక్రాల కుర్చీలోనే. స్కూల్లో లెక్కల టీచరు. ఏ కొత్త భవనానికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఆగిపోయి, “మీరు చూసి రండి, నాకు కథ చెబుదురుగాని” అనడం ఆమెకు అలవాటైపోయింది. చెల్లెలు గీసిన గది దగ్గర కూడా అలాగే ఆగిపోవాలా?

ఆ సాయంత్రం చిట్టి షెడ్డులో వడ్రంగి మేస్త్రిని పట్టుకుంది.

“మేస్త్రిగారూ, పొద్దున్నే ఆ నాలుగో గోడ నిలబెట్టాలి.”

“మేనేజరుగారు చెప్పారా?”

“లేదు.”

“అయితే తిట్లు మీకా, నాకా?”

“నాకే.”

“అట్లాగైతే ప్లైవుడ్డుకు కొదవేం లేదు.”

మర్నాడు పరుపుగారు వచ్చేసరికి గోడ నిలబడి ఉంది. మేనేజరు మొహం మాడిపోయింది. పెద్దమనిషి ముందు ఏమీ అనలేక పళ్ళ బిగువున నవ్వాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళి, మంచం పక్కనుంచి బాల్కనీ తలుపు దాకా నడిచారు.

“ఏమిటీ ఇరుకు? ఈ గోడ తీసేస్తే బావుంటుంది” అన్నాడు పరుపుగారు.

“తీసేస్తే పక్కగదివాళ్ళు కనబడతారు సార్” అంది చిట్టి. గుమ్మం వైపు తిరిగి, “రా అక్కా” అని పిలిచింది.

అక్క కుర్చీ నడుపుకుంటూ లోపలికొచ్చింది. మంచానికీ గోడకీ మధ్య చక్రాలు పట్టాయి. బాత్రూమేమో ఆమె వచ్చిన గుమ్మం పక్కనే ఉంది కనుక, అక్కడికి వెళ్ళాలంటే వెనక్కి తిరగాలి. తిరగబోయింది. కాళ్ళ పలక గోడకు గుద్దుకుంది. వెనక చక్రం మంచం కోడుకు తగిలి ఆగిపోయింది. ఇక అటూ లేదు, ఇటూ లేదు.

“మేడమ్, కాస్త దారిస్తే...” అన్నాడు బాల్కనీ వైపు చిక్కుకుపోయిన పరుపుగారు.

“ఉంటే ఇవ్వనా బాబూ” అంది అక్క. “మంచం మాత్రం చాలా బావుంది. స్నానం కూడా దాని మీదే చేయించే ఏర్పాటేమైనా ఉందా?”

బయట మేస్త్రి దగ్గాడు. చిట్టి కావాలనే కదల్లేదు. చివరికి పరుపుగారు బూట్లతోనే మంచమెక్కి, ఆ మెత్తటి పరుపులో తూలుతూ పాకుతూ ఇవతలికి దిగాడు. తెల్ల దుప్పటి మీద పడ్డ బూటు గుర్తులకేసి కాసేపు చూశాడు.

“మంచం తగ్గించండి” అన్నాడు.

మేనేజరు ఇంకా మంచం మీదే నాలుగు కాళ్ళ మీద ఉన్నాడు. అక్కణ్ణుంచే, “నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను సార్” అన్నాడు.

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది.

“తర్వాత పోట్లాడుదువుగాని. ముందు నన్ను బయటికి లాగవే.”

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి మనుషుల చేత పాత మంచం తెప్పించి వేయించాడు. అక్క మళ్ళీ లోపలికొచ్చింది. ఈసారి కుర్చీ పూర్తిగా తిరిగింది. కానీ తిరుగుతుండగా అల్మరా అంచు ఆమె వేళ్ళు గీరేసింది.

“ఇది ఇంత ముందుకొచ్చిందేమిటే?” అంది వేళ్ళు ఊదుకుంటూ.

“ఆయనే పెంచమన్నాడు. సూట్లు నలగకూడదట.”

“మరి దీని సంగతి?”

చిట్టి నిట్టూర్చింది. టేపు తీసి, నేల మీద మోకాళ్ళూని, అల్మరాకూ చక్రానికీ మధ్య చోటు కొలవడం మొదలుపెట్టింది.