మర వదులు చేసింది నేనే

“పడిపోతే? బ్రేకులు పట్టకపోతే? ఎదురుగా లారీ వస్తే?” అన్నాను వ్యాన్ ఎక్కుతూనే.

“కొండ ఎక్కేటప్పుడు బ్రేకులతో పనేముందమ్మా? ఈ పూటకి దారి మూసేశారు. లారీ కాదు కదా, మేక కూడా రాదు,” అన్నారు కోచ్ గారు స్టీరింగ్ తిప్పుతూ.

మేక సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇప్పుడు అదొకటి పట్టుకుంది.

మా ముందు నా కూతురు సైకిల్ మీద కొండ ఎక్కుతోంది. ఇరవై నిమిషాల్లో పైకి చేరితే జట్టులో చోటు. లేకపోతే మళ్ళీ వచ్చే ఏడే.

కొండదారి అంటే నాకు భయమని నలభై రోజులు ఇంట్లోనే సాధన చేయించాను. వెనక గదిలో ఇనుప స్టాండుకి సైకిల్ బిగించి, కదలకుండా తొక్కడమే. స్టాండుకో మర ఉంటుంది. బిగిస్తే బరువు, వదిలితే తేలిక. అమ్మాయి మర బిగించి నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళేది. మోకాళ్ళు అరిగిపోతాయేమోనని నేను గబుక్కున రెండు చుట్లు వదులు చేసేదాన్ని.

“కాళ్ళకి బలమొచ్చిందమ్మా! నిన్నటికంటే తేలిగ్గా ఉంది!” అని మురిసిపోయేది. ఇంకో చుట్టు బిగించేది. నేను ఇంకో చుట్టు విప్పేదాన్ని.

రెండో మలుపు దగ్గర ఆ బలమెంతో తేలిపోయింది. పెడల్ కిందికి దించడానికి ఒళ్ళంతా వంచుతోంది. సైకిల్ అటూ ఇటూ ఊగుతోంది.

“ఇంట్లో ఇంతకంటే బరువు తొక్కానంది. అందుకే మొండిగా బరువైన పెద్ద గేరులోనే ఉంది,” కోచ్ గారు వాచీ చూశారు. “పదకొండు నిమిషాలు. ఇలాగైతే కష్టం.”

ఇక దాచలేక కిటికీలోంచి సగం బయటికి వంగాను.

“అమ్మడూ! ఆ మర వదులు చేసింది నేనే! రోజూ నేనే! నీకంత బలం రాలేదే!”

“ఏం చేశారమ్మా మీరు!” అన్నారు కోచ్ గారు.

అమ్మడు తల తిప్పలేదు. టక్కుమని గేరు దిగిన చప్పుడు. వెంటనే ఇంకోటి. కాళ్ళు గిర్రున తిరగసాగాయి, వెనక గదిలో తిరిగినట్టే!

“అదీ! అలా తిప్పు!” కోచ్ గారు హారన్ మోగించారు. నేను తలుపు మీద దబదబా బాదాను. మూడో మలుపు దాటింది. నాలుగోదీ దాటింది. ఆఖరి ఎత్తులో సీటు మీంచి లేచి నిలబడింది. పడిపోతుందని కళ్ళు మూసుకుందామనుకున్నాను. రెప్పలు పడితేనా!

పందొమ్మిది నిమిషాల యాభై ఒక్క సెకన్లు!

“చోటు దొరికింది. బలం మాత్రం ఇకమీదట ఈ కొండ మీదే సంపాదించుకోవాలి,” అని కోచ్ గారు పేరు రాయించడానికి పరుగెత్తారు.

అమ్మడు రాతిగట్టు మీద కూలబడింది. నీళ్ళిస్తే తాగింది. తువ్వాలిస్తే తుడుచుకుంది. నావైపు మాత్రం చూడలేదు.

“కోపమొచ్చిందా?”

పలకలేదు.

“పోనీ నాలుగు తిట్టవే.”

దాని పిక్కలు నొక్కుతూ కూర్చున్నాను. మా వెనక బయలుదేరినవాళ్ళు ఒక్కొక్కరే పైకి చేరారు. వాళ్ళ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

చివరికి నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఇంకోసారి ఇలాంటిదేమైనా చేస్తే, రెండో మలుపుదాకా ఆగకమ్మా. మొదట్లోనే అరిచెయ్.”