తాళాల జేబులో బ్యాటరీ

సిడ్నీలోని హారిస్ పార్క్‌లో మిఠాయి దుకాణానికీ చీరల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఫోన్ రిపేరు షాపు ఆండాళ్‌ది. నెల్లూరు నుంచి వచ్చి పదకొండేళ్లయింది. భర్త రామానుజం సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోతే ఇంట్లో ఒక్కతే కూర్చోలేక మొదలుపెట్టిన షాపు. చేతిలో పనితనం ఉంది. ఆ వీధిలో ఎవరి ఫోన్ పగిలినా ముందు ఆమె దగ్గరికే వస్తారు.

ఆ గురువారం అప్పల్సామి వచ్చేసరికి షాపులో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. అప్పల్సామికి అరవై అయిదు దాటాయి. ఫిజీలో పుట్టాడు. ఎప్పుడో విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కిన వాళ్ల మనవడు. సిడ్నీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరై, ఇప్పుడు మంగళవారాల్లో పెద్దవాళ్ల సంఘం మినీబస్సును ఊరికే నడిపిపెడుతున్నాడు.

"అమ్మా, నా వేపపుల్ల సచ్చిపోనాది. ఓపాలి సూడు," అంటూ జేబులోంచి వేప్, అంటే బ్యాటరీతో పనిచేసే సిగరెట్, తీసి బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్లు సిగరెట్లు కాల్చి, డాక్టరు కోప్పడితే దీనికి మారాడు.

ఆండాళ్ విప్పి చూసింది. లోపలున్న వేలెడంత బ్యాటరీకి పై తొడుగు చిరిగిపోయింది.

"ఇది పనికిరాదు అంకుల్. కొత్తది వేస్తాను."

"స్పేర్ ఒకటి ఇచ్చెయ్ అమ్మా. ఇది అయిపోతే అది ఏసుకుంటాను."

టార్చ్‌లైట్ల కోసం తెప్పించిన బ్యాటరీల పెట్టె కింద అరలోనే ఉంది. ఒకటి వేప్‌లో వేసింది. రెండోదాన్ని పెట్టడానికి ప్లాస్టిక్ డబ్బీ ఉండాలి. డబ్బీలు వెనక గదిలో ఉన్నాయి. వెళ్లబోతుంటే ముందు నుంచీ నిలబడి ఉన్న ఆవిడ, "ఇంకా ఎంతసేపండీ, నాకు ట్రైనుంది," అంది. ఆండాళ్ ఆగిపోయింది. రెండో బ్యాటరీని కాగితం కవర్లో పెట్టి అప్పల్సామి చేతిలో పెట్టింది. జాగ్రత్తలేమీ చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పచ్చిక మీద సగం కాలిపోయిన నిక్కరు, పక్కన పొట్ట పగిలిన చిన్న బ్యాటరీ. కింద ఎవరో రాశారు: "గిరావీన్ కమ్యూనిటీ హాలు దగ్గర వేప్ పేలింది. మన అప్పల్సామి అంకుల్‌ని అంబులెన్స్‌లో తీసుకెళ్లారు."

ఆండాళ్ ఫోటోను పెద్దది చేసి చూసింది. మాడిపోయిన తొడుగు అంచున కాస్త ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది. తన పెట్టెలోవన్నీ ఆకుపచ్చవే. వేప్ పేలలేదు, పేలింది తానిచ్చిన స్పేర్ బ్యాటరీ అని ఆమెకు వెంటనే అర్థమైంది. చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది.

రామానుజానికి ఫోన్ చేసింది. అతను అంతా విన్నాడు.

"బిల్లు ఇచ్చావా?"

"లేదు."

"అయితే నువ్వేం మాట్లాడబాక. గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయొద్దు. ఫస్ట్ లాయర్‌ని అడుగుదాం. ఆయన ఎక్కడ కొన్నాడో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు కదండీ."

"ఆండాళ్, షాపు మూసేయాల్సి వస్తది. నేను చెప్పేది విను."

"ముందు ఆయన ఎట్లున్నాడో చూసొస్తాను," అని పెట్టేసింది.

షట్టర్ దించబోతూ బ్యాటరీల పెట్టె బయటకు తీసింది. కళ్లద్దాలు పెట్టుకుని, రెండేళ్లుగా తాను ఒక్కసారి కూడా చదవని చిన్న అక్షరాలు చదివింది. విడివిడిగా వాడకందార్లకు అమ్మకూడదనీ, లోహపు వస్తువులతో కలిపి ఉంచకూడదనీ స్పష్టంగా రాసి ఉంది. అక్కడే స్టూలు మీద కూలబడింది. తర్వాత లేచి, పెట్టెను సంచిలో వేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. బస్సులో తొమ్మిదిమంది ముసలివాళ్లు ఉంటారు. బస్సు కదులుతుండగా పేలిందా? స్టీరింగ్ చేతిలో ఉందా?

ఆసుపత్రి వరండాలో అప్పల్సామి భార్య ప్రేమవతి కనిపించింది. ఒకప్పుడు ఫిజీలో నర్సుగా చేసిన మనిషి. చీర కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆండాళ్ సంచి పట్టుకుని ఆమె ముందు నిలబడింది.

"ఏటమ్మా అలాగున్నావు? బాగున్నాడు. కూకో ముందు," అంది ప్రేమవతి.

ఆమె చెప్పింది: బస్సు హాలు ముందు ఆపేశాడు. ఇంజిన్ కట్టేసి, తాళాలు జేబులో వేసుకుని, ముసలివాళ్లు దిగడానికి మెట్టు వేద్దామని కిందికి దిగాడు. అంతలో జేబులోంచి బుస్సుమని మంట. ఆయన బస్సు పక్కన ఉండకుండా పచ్చిక మీదికి పరిగెత్తి దొర్లాడు. బస్సులోంచి ఆయన వెనకే వెళ్లిన ప్రేమవతి, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని కత్తెరతో నిక్కరు కోసి లాగేసి, తోటకు నీళ్లు పట్టే గొట్టం తెచ్చి ఇరవై నిమిషాలు ఆపకుండా తొడ మీద చల్లటి నీళ్లు పోసింది.

"అందరి ముందూ నా పరువు తీసీసినావు అని అంబులెన్స్‌లో కూడా ఒకటే తిట్లు," అని ప్రేమవతి నవ్వి, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది. "తోలు పైపైనే కాలిందంట. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. రెండు రోజుల్లో ఇంటికి."

ఆండాళ్ గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

"ఆంటీ, ఆ బ్యాటరీ ఇచ్చింది నేనే."

ప్రేమవతి ఆమె వైపు తేరిపార చూసింది. "తెలుసమ్మా, ఆయన సెప్పినాడు. లోపలికి రా."

మంచం మీద అప్పల్సామి కాలికి పెద్ద కట్టుతో కూర్చుని ఉన్నాడు. పక్కన ఫైర్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ఆఫీసరమ్మ ఏదో రాసుకుంటోంది. ఆండాళ్‌ని చూడగానే అప్పల్సామి తెలుగులోకి దిగాడు.

"నువ్వు ఎందుకొచ్చినావు? ఆన్‌లైన్‌లో కొన్నానని సెప్పీసినాను. నువ్వు మాటాడకు."

"ఎందుకు అబద్ధం చెప్పారు అంకుల్?"

"తాళాలతో కలిపి జేబులో ఏసుకున్నది నాను. నువ్వు ఏసినావేటి? తప్పు నాది. నీ షాపు ఎందుకు పోవాల?"

"వేసుకోకూడదని మీకు నేను చెప్పలేదు కదా. డబ్బీ కూడా ఇవ్వలేదు. పైగా ఇట్లా విడిగా అమ్మకూడదంట, నేనే చదవలేదు." ఆమె సంచిలోంచి పెట్టె తీసింది. "ఇది దాస్తే ఇంకొకరికి కాలుద్ది అంకుల్. ఇవి ఇంకా నలుగురి దగ్గర ఉన్నాయి."

ఆండాళ్ ఆఫీసరమ్మ వైపు తిరిగి, ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. ఆమె కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. బ్యాటరీ రెండు కొనలకీ తాళంచెవులు తగిలి షార్టయిందనీ, ఇలాంటివి తాము తరచూ చూస్తున్నామనీ చెప్పింది. పెట్టెను ఫోటో తీసుకుంది. వినియోగదారుల శాఖకు రిపోర్టు ఎలా పెట్టాలో కాగితం మీద రాసిచ్చింది. చివరికి, "ఆ నలుగురినీ ఈరోజే పట్టుకోండి," అంది.

షాపుకు తిరిగొచ్చి పాత చీటీలన్నీ వెతికింది. ముగ్గురు ఫోన్లు ఎత్తారు. ఒకాయన బ్యాటరీ టార్చ్‌లోనే ఉంది. ఒకావిడ కొన్న రోజు నుంచి కవరు కూడా విప్పలేదు. మూడో ఆయన కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టానన్నాడు. వెంటనే తీసి తెస్తానని, అన్నట్టే అరగంటలో తెచ్చిచ్చాడు.

నాలుగో మనిషి సింధుజ. యూనివర్సిటీలో చదువుకుంటూ, సాయంత్రాలు ఆ వీధిలోనే దోసెల హోటల్లో పనిచేసే అమ్మాయి. పది రోజుల కింద బ్యాటరీ కొంది, ఎందుకో చెప్పలేదు. ఆరుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. "అర్జెంట్, బ్యాటరీ గురించి" అని మెసేజ్ పెడితే చూసింది గానీ జవాబు ఇవ్వలేదు.

అయిదున్నరకు ఆండాళ్ హోటల్‌కి నడిచింది. ఆమెను చూడగానే సింధుజ ట్రే కౌంటర్ మీద పెట్టేసి వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆండాళ్ వెనకాలే వెళ్లింది.

"ఆంటీ ప్లీజ్," అంది సింధుజ తలుపు దగ్గరే ఆపి. "మా మమ్మీకి చెప్పకండి. ఐ యామ్ ట్రయింగ్ టు క్విట్. వరంగల్‌ల తెలిస్తే చదువు బంద్ చేయిస్తరు."

"నేను మీ అమ్మకు చెప్పడానికి రాలేదు తల్లీ. నువ్వు వేప్ తాగుతావని నాకు ఇప్పుడే తెలిసింది. ఆ బ్యాటరీ ఎక్కడుంది?"

"బ్యాగ్‌ల."

"బ్యాగ్ తే."

మేకులకు తగిలించిన బ్యాగుల్లోంచి సింధుజ తన బ్యాగు తెచ్చింది. అందులో ఒక మేకప్ పర్సు. జిప్ తీసి స్టీలు బల్ల మీద వంపబోతే ఆండాళ్ చెయ్యి పట్టుకుని ఆపింది. పర్సులోకి తొంగి చూసింది. లిప్‌స్టిక్, గుప్పెడు హెయిర్‌పిన్నులు, నాలుగైదు నాణేలు, వాటి మధ్య ఆకుపచ్చ బ్యాటరీ. రెండు వేళ్లతో పట్టుకుని పైకి తీసింది. చల్లగా ఉంది. తెచ్చిన ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి మూత నొక్కింది.

ఫోన్‌లో ఫోటో చూపించింది. సింధుజ వంగి చూసింది.

"రోజూ ఈ బ్యాగ్ ఒళ్లో పెట్టుకొనే ట్రైన్‌ల పోతున్న ఆంటీ. బ్యాటరీ అంటే జస్ట్ బ్యాటరీ అనుకున్న. ఎవ్వరు చెప్పలే."

"నేను చెప్పాల్సింది. చెప్పలేదు." ఆండాళ్ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. "ఫోన్ చేస్తే ఎత్తు. తిట్టడానికి చేయను."

సింధుజ ఆమెను గట్టిగా కౌగిలించుకుంది. వంటగదిలో పెనం మీద పిండి చుయ్యిమంది. పొద్దున కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదని ఆండాళ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని మసాలా దోసె తెప్పించుకుంది. సగం తినేసరికి రామానుజం వెతుక్కుంటూ వచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు.

"అందరూ దొరికారా?"

"దొరికారు."

"రిపోర్టు ఇద్దరం కూర్చుని రాద్దాం," అన్నాడు, ఆమె పళ్లెంలోంచి ఒక ముక్క తుంచుకుంటూ. "మధ్యాహ్నం నేను అట్లా అనాల్సింది కాదు. భయమేసింది."

"నాకూ వేసింది."

నెల తర్వాత శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. విడి బ్యాటరీల అమ్మకం ఆపేయాలి, మిగిలినవి రీసైక్లింగ్‌కి అప్పగించాలి, ఇది హెచ్చరిక. షాపు నిలిచింది. అప్పటికే అప్పల్సామి కుంటుతూ నడుస్తున్నాడు. డాక్టరు ఒప్పుకున్నాక మళ్లీ మంగళవారం బస్సెక్కాడు. మొదటి రోజు ముసలివాళ్లందరూ ఎక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగి, ఎవరెవరి జేబుల్లో ఏమేమున్నాయో చూపించమన్నాడు. ఎవరో దగ్గు బిళ్లలు తీశారు, ఇంకొకరు పళ్లసెట్టు తీశారు. బస్సంతా గొల్లుమంది. ముందు సీట్లో కూర్చున్న ప్రేమవతి అందరికన్నా పెద్దగా నవ్వింది.