మూడు నిషేధపు మాటలు

ఏడాదికోసారి ఆ ముగ్గురూ ఇంట్లో ఆడవాళ్లను వదిలేసి కొండదారి పట్టేవారు. టైర్ల షాపు నడిపే బావే కెప్టెన్. రెండోవాడు పళ్ల డాక్టరు. మూడోవాడు పియానోలు శ్రుతి చేసే బావమరిది. పలచటి మనిషి, మాట కూడా పైకి వినపడదు. అందుకే బావ అతనికి మెత్తనయ్య అని పేరు పెట్టాడు.

కారు కదలగానే కెప్టెన్ రూల్సు మొదలయ్యేవి. నొప్పి, చలి, భయం, ఈ మూడు మాటలూ నిషేధం. నోరు జారినవాడు గులాబీ రంగు ఏప్రాన్ కట్టుకుని వంట చేయాలి, గిన్నెలు తోమాలి, ఇల్లు చేరేదాకా "అమ్మాయిగారూ" అంటే పలకాలి. ప్రతి ఏడూ మెత్తనయ్యే దొరికిపోయేవాడు. ఫోటోలు చూసి ఇంట్లోవాళ్లు పడీపడీ నవ్వితే తనూ నవ్వేవాడు. కానీ ఒకసారి కూతురు మాత్రం నవ్వకుండా, "ఎప్పుడూ నువ్వేనా నాన్నా?" అంది. ఆ మాట ముల్లులా దిగబడిపోయింది.

ఆ ఏడు సరస్సు ఒడ్డున దిగారు. మేడంత ఎత్తు బండ ఒకటి నీళ్ల మీదికి వంగి ఉంది. "దూకినవాడే మగాడు!" అని కేకేశాడు కెప్టెన్. డాక్టరు దూకాడు. మెత్తనయ్య అంచుదాకా వెళ్లి రెండడుగులు వెనక్కి వేశాడు. కూతురి మొహం గుర్తొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని దూకేశాడు.

పక్కకి ఒరిగి పడ్డాడు. ఎడమ చెవి మీద నీళ్లు చాచి కొట్టాయి. లోపల ఏదో ఫట్‌మంది. తల గిర్రున తిరుగుతుంటే ఎలాగో ఒడ్డు పట్టుకుని, దగ్గి దగ్గి కళ్లు తుడుచుకునేసరికి కెప్టెన్ కూడా నీళ్లలోనే ఉన్నాడు, చప్పట్లు కొడుతూ.

"చూశావా డాక్టరూ, మా బావమరిదిని! ఇవాళ్టినుంచి వీడు మెత్తనయ్య కాదు, ఉక్కయ్య!"

బావ అతని భుజం మీద చేయి వేశాడు. అక్క పెళ్లయిన ఇన్నేళ్లలో అలా వేయడం అదే మొదలు. నోటిదాకా వచ్చిన మాటను అతను మింగేశాడు.

మర్నాడు ఈత పందెం. ఒడ్డున బట్టలు విప్పుతుంటే డాక్టరు అనుమానంగా చూశాడు. "తల అలా వంచుతున్నావేంటి? చెవి నొప్పా?"

కెప్టెన్ ఎగిరి గంతేసి ఏప్రాన్‌ను జెండాలా ఊపాడు. "నొప్పి అన్నది డాక్టరు! కట్టాల్సింది డాక్టరే!"

డాక్టరు తల కొట్టుకుంటూ ఏప్రాన్ కట్టించుకున్నాడు. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుల్లో అతని ప్రశ్న కొట్టుకుపోయింది. మెత్తనయ్య మళ్లీ నీళ్లలోకి దిగాడు.

ఇంటికొచ్చాక దిండు మీద మరకలు చూసి భార్య అతన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది. చెవి డాక్టరు చాలాసేపు పరీక్షించాడు.

"కర్ణభేరి చిరిగింది. తడి తగలకుండా ఉంటే చాలావరకు అదే మానేది. ఆ మురికి నీళ్లు మళ్లీ పోవడంతో చీము లోపలి చెవిదాకా పాకింది. అప్పుడే ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ?"

అతను భార్యవైపు చూడలేక నేల చూశాడు. ఒక ఏప్రాన్ గురించి ఆ గదిలో ఏమని చెప్పడం?

ఎడమ చెవి పోయింది. అక్కడ వినికిడి బదులు ఆగని హోరు మిగిలింది. రెండు తీగల శ్రుతి తేడాగా ఉంటే స్వరంలో సన్నటి అల ఊగుతుంది, శ్రుతి కలవగానే ఆగిపోతుంది. అది పట్టుకోవడమే అతని విద్య. ఇప్పుడు ఆ అల హోరులో కలిసిపోయేది. సంగీతం బడి టీచరమ్మ, అతను శ్రుతి చేసిన పియానో మీట నొక్కి, మొహమాటపడుతూ, "ఇంకోసారి చూస్తారా?" అంది. ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ పిలవలేదు.

సంగతి అక్క ద్వారా తెలిసి బావ అతని పియానో షాపుకొచ్చాడు. మూత తీసిన పియానో ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదరా!"

"చెప్తే ఏప్రాన్ కట్టేవాడివి బావా."

"కట్టేవాణ్ణే. ఒక పూట నవ్వుకునేవాళ్లం. అంతే కదా..." అంటూ పియానో మీట ఒకటి నొక్కి వదిలాడు. "నేనసలు దూకనేలేదురా. పైనుంచి చూస్తే గుండె జారిపోయింది. మీరు నీళ్లలో ఉండగా వెనకనుంచి చప్పుడు కాకుండా దిగొచ్చాను."

మెత్తనయ్యకు కోపం రావాలి. రాలేదు. బండ మీద పక్కపక్కనే నిలబడి వణికిన ఇద్దరు మగాళ్లు కనిపించారు. ఎవరో ఒకరు నోరు తెరిచి ఉంటే ఇద్దరూ ఆ వెనకదారినే కలిసి దిగి వచ్చేవారు.

బావ లేచి, మొహం తిప్పుకుని, అతని ఎడమ పక్కనే నిలబడి ఏదో అన్నాడు. పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. క్షమించమన్నాడో, వచ్చే ఏడు వెళ్లొద్దన్నాడో తెలియలేదు. "ఇటు వచ్చి చెప్పు బావా, వినపడలేదు" అనాలి. అనలేకపోయాడు. తలూపాడు.

ఆ తలూపుకే బావ తేలికపడి, భుజం తట్టి, వెళ్లిపోయాడు.